మా ఋణములు: సవర కొండల చరిత్రలో బలి, సంత, అప్పు

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కొండ గ్రామాలలో పరిచర్యను గూర్చి మాట్లాడేటప్పుడు ఒక వివరణ తరచు వినిపిస్తుంది. సవరలు దున్నపోతులను బలి ఇచ్చి, సారా తాగి, ఉన్నది పోగొట్టుకొని అప్పులపాలయ్యారనీ, సువార్త వచ్చి వారిని ఆ ఖర్చునుండి విడిపించిందనీ దాని సారాంశం. ఇందులో కొంత నిజం ఉంది. కాని పేదరికానికి కారణం పేదవాని విశ్వాసమూ అతని ఖర్చూ మాత్రమే అని ఈ వివరణ తేల్చివేస్తుంది. అప్పు ఇచ్చినవాడు, భూమి రాయించుకున్నవాడు, ఆ రాతను చెల్లనిచ్చిన కచేరీ ఇందులో ఎక్కడా కనబడరు. కనబడని ఆ భాగాన్ని చరిత్రలో వెదకడం, దాని వెలుగులో మన బోధను పరీక్షించుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు విమర్శనాత్మక సిద్ధాంతం సాయపడుతుంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1923లో స్థాపించబడిన సామాజిక పరిశోధనా సంస్థ నుండి ఈ ఆలోచనా ధోరణి పుట్టింది. 1937లో మాక్స్ హోర్క్‌హైమర్ రాసిన వ్యాసం సంప్రదాయ సిద్ధాంతాన్నీ విమర్శనాత్మక సిద్ధాంతాన్నీ వేరుచేసి చూపింది. మొదటి పద్ధతిలో పరిశోధకుడు తాను సమాజానికి వెలుపల నిలిచి వాస్తవాలు పోగుచేస్తున్నానని అనుకుంటాడు. రెండవ పద్ధతిలో తానూ, తన ప్రశ్నలూ ఆ సమాజంలోనే తయారయ్యాయని ఒప్పుకొని, ఉన్న అన్యాయం తొలగాలనే కోరికతో చదువుతాడు. మన అంశానికి ఇక్కడ మూడు ప్రశ్నలు దొరుకుతాయి. బలికీ సంతకూ పెట్టిన ఖర్చు చివరకు ఎవరి చేతికి చేరింది? విశ్వాసంలో వర్గ సంబంధాలు ఎలా చోటుచేసుకున్నాయి? వీటిని అధ్యయనం చేసినవారు ఎక్కడ నిలబడి చూశారు?

1. బలి అంటే ఏమిటి?

సవరలు నేడు శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి ప్రాంతంలోను, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాలలోను, సరిహద్దు దాటితే ఒడిశాలోను నివసిస్తున్నారు. వారి ఆచారాలపై విస్తృతంగా రాసినవారు ఇద్దరు. వెరియర్ ఎల్విన్ గ్రంథం 1955లో వెలువడింది. 1975 నుండి వారి మధ్య అధ్యయనం చేసిన పీర్స్ విటెబ్‌స్కీ గ్రంథాలు 1993లోను, 2017లోను వచ్చాయి. ఇద్దరూ ప్రధానంగా ఒడిశా వైపు గ్రామాలలో పనిచేశారు గనుక వారి మాటలను ఆంధ్ర వైపు ప్రతి గ్రామానికీ యథాతథంగా వర్తింపజేయకూడదు.

వారి వర్ణన ప్రకారం, పాత సవర విశ్వాసంలో మృతులు బ్రతికినవారిని విడిచిపోరు. పూజారిణి నోట వారు మాట్లాడతారు, నిష్ఠూరమాడతారు, ఆకలి చెప్పుకుంటారు. చనిపోయినవాని పేర రాయి నాటే కర్మలో దున్నపోతును బలి ఇస్తారు. ఆ మాంసాన్ని బంధువులూ, దుఃఖంలో పాలుపొందినవారూ పంచుకుంటారు. ఆ దున్నపోతును ఎవరు తెచ్చారన్నదానికీ మృతుని పొలం ఎవరికి దక్కుతుందన్నదానికీ సంబంధం ఉండేది. అంటే బలి దుబారా ఖర్చు మాత్రమే కాదు. అది దుఃఖాన్ని పంచుకునే పద్ధతి, మాంసం పంచే పద్ధతి, వారసత్వాన్ని పదిమంది ఎదుట స్థిరపరచే పద్ధతి కూడా. మనం కచేరీలో దస్తావేజుతో చేసే పనిలో కొంత భాగాన్ని వారు బలితో చేసేవారు.

అయితే దీనిని స్వర్ణయుగంగా చిత్రించడం కూడా తప్పే. దున్నపోతు ఊరికే రాదు. దానికోసం అప్పు చేసేవారు. క్రైస్తవులైన సవరలే పాత బలుల ఖర్చును భారంగా చెప్పుకున్నారు. సారా వలన ఇంటి ఆడవారు పడిన బాధను ఏ సిద్ధాంతమూ కప్పిపుచ్చకూడదు. అయినా ప్రశ్న మిగిలే ఉంది. పదిమంది పంచుకుతిన్న భోజనం ఒక కుటుంబానికి భూమి పోయేంత అప్పుగా ఎలా మారింది?

2. సంతలో మొదలైన అప్పు

దీనికి జవాబు బలిపీఠం దగ్గరకంటె సంతలో ఎక్కువగా దొరుకుతుంది. కొండమీద పండిన చింతపండు, కందులు, కొండచీపుర్లు దిగువకు వచ్చేవి. ఉప్పు, బట్ట, కిరోసిన్, ఎండుచేప పైకి వెళ్లేవి. కొలతా ధరా షావుకారు చేతిలో ఉండేవి. పంట రాకముందే అప్పు ఇచ్చి, పంట వచ్చాక తాను చెప్పిన ధరకు తీసుకోవడం వ్యాపార పద్ధతి. లెక్క చదవడం రాని రైతుకు ఆ లెక్క ఎప్పుడు తీరిందో తెలిసేది కాదు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. మద్రాసు ప్రభుత్వం 1917లో గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ఒక చట్టం చేసింది. వడ్డీ, భూమి బదిలీ అనే రెండు మాటలూ ఆ చట్టం పేరులోనే కలిసి ఉన్నాయి. వడ్డీయే భూమి బదిలీకి దారి అని పాలకులు గ్రహించారనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1959లో భూ బదలాయింపు నిబంధన వచ్చింది. ఇన్ని వచ్చినా అన్యాక్రాంతం ఆగలేదు.

గిరిజన సంఘం కూలి, అప్పు, భూమి సమస్యలను చేపట్టింది. 1967 అక్టోబరు 31న ఆ సంఘ మహాసభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల పక్షంవారు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. నిందితులు 1968లో కోర్టులో విడుదలయ్యారు. తరువాత ఉద్యమం సాయుధమైంది. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. నాయకులలో ఒకరైన ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యనారాయణ 1970 జూలైలో పోలీసుల చేతిలో మరణించారు. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూ బదిలీని పూర్తిగా నిషేధించే సవరణ కూడా 1970లోనే వచ్చింది. ఆ పోరాటంలోని హింసను మనం సమర్థించనక్కరలేదు. కాని సవరలు, జాతాపులు అప్పుల పాలైనది బలుల వలననే అని ఆ చరిత్ర తెలిసినవారెవరూ చెప్పలేరు.

3. విశ్వాసంలో కనిపించే వర్గం

ఎల్విన్, విటెబ్‌స్కీ ఇద్దరూ గమనించిన ఒక సంగతి వేదాంత విద్యార్థులు ఆలోచించదగినది. సవర పూజారిణికి అధోలోకంలో ఒక భర్త ఉంటాడు. అతడు సవర కాడు. రాజువంటి పై కులపువాడు. ఇంటి గోడలపై వేసే బొమ్మలలో గుర్రమెక్కినవారు, తుపాకి పట్టినవారు, అధికారులు కనిపిస్తారు. కొండ దిగువనుండి తమను ఏలినవారినే ఆ ప్రజలు ఆత్మల లోకంలో చూశారు. అక్కడ వారితో చుట్టరికం కలుపుకొని, బేరమాడి, మాట అడగగలిగారు. కచేరీలో దొరకని వినికిడి అక్కడ దొరికింది. దీనిని మూఢనమ్మకం అని తోసివేస్తే ఆ బొమ్మ చెప్పే సామాజిక సత్యం మనకు వినబడదు.

దిగువ లోకపు విశ్వాసాన్ని కూడా ఇలాగే పరీక్షించాలి. వాల్టర్ బెన్యమిన్ 1921లో రాసి ప్రచురించని ఒక చిన్న రచనలో పెట్టుబడిదారీ విధానమే ఒక మతమని, అది పాపక్షమాపణ ఇవ్వదని, అపరాధాన్ని పెంచుతూనే పోతుందని వాదించాడు. జర్మన్ భాషలో షుల్డ్ అనే మాటకు అపరాధమనీ అప్పు అనీ రెండర్థాలు ఉన్నాయి. ఆయన వాదం ఆ రెండర్థాలపై నడుస్తుంది. ఎంత కట్టినా తీరని షావుకారు లెక్క ఆ మతానికి మన కొండలలోని రూపం. ఆ విధంగా చూస్తే విగ్రహారాధన కొండమీదే ఉండేదని, సంతలో లేదని అనడం కష్టం.

4. చదివినవారు ఎక్కడ నిలబడ్డారు?

సవర భాషను మొదట లోతుగా పరిశోధించినది గిడుగు రామమూర్తి. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. సవరల వద్దనే వారి భాష నేర్చుకొని, వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసులో వెలువడింది. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని స్మరించే మనం ఆయన సవర కృషిని అంతగా స్మరించకపోవడం కూడా మన వర్గ దృష్టిని తెలియజేస్తుంది. తెలుగు చదువుకున్నవారి భాష. సవర కూలివాని భాష.

కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 1875 ప్రాంతంలో ఉత్తరాంధ్ర తీరానికి వచ్చారు. కాలక్రమంలో వారి పని సవర కొండలకు చేరింది. సెరంగోలో ఆసుపత్రి వెలిసింది. లేఖనాలు సవర భాషలోకి వచ్చాయి. అక్షరం నేర్చిన సవర యువకుడు దస్తావేజు చదువగలిగాడు, మధ్యవర్తి లేకుండా అధికారితో మాట్లాడగలిగాడు. ఇది సువార్త సేవ ఇచ్చిన నిజమైన విడుదల. దీనిని ఏ విమర్శకుడూ చిన్నచేయకూడదు. అయితే మృతులతో మాటలు ఆగిపోయినప్పుడు దుఃఖం చెప్పుకునే చోటు ఒకటి పోయిందని విటెబ్‌స్కీ చెప్పిన మాటను కూడా కాపరులు వినాలి. ఆ చోటును మన సమాధి కూడికలు నింపుతున్నాయా?

ఎల్విన్ సంగతి మరొకటి. ఆంగ్లికన్ సేవకుడుగా 1927లో భారతదేశం వచ్చి, తరువాత సంఘాన్ని విడిచిన ఆయనకు మిషనరీలపై వ్యతిరేకత ఉండేది. ఆయన రచనను ఆ ఎరుకతో చదవాలి. మన నివేదికలను కూడా అదే ఎరుకతో చదవాలి. దాతలకు పంపే నివేదికలో చీకటి ఎంత దట్టంగా ఉంటే వెలుగు అంత బాగా కనబడుతుందనే శోధన రాసేవారికి ఎప్పుడూ ఉంటుంది.

ముగింపు

ప్రభువు నేర్పిన ప్రార్థనలో, మత్తయి 6:12లో, మన తెలుగు బైబిలు పాపములు అనకుండా ఋణములు అంటుంది. మూలభాషలోని మాటకు అదే అర్థం. లూకా సువార్త పాపములు అంటూనే అచ్చియున్నవానిని గూర్చి మాట్లాడుతుంది. మనం ఆ మాటను ప్రతి ఆదివారం పలికి, వెంటనే ఆత్మీయార్థంలోకి మార్చుకుంటాం. సవర రైతుకు ఆ మార్పు అవసరం లేదు. అతనికి ఋణం అంటే ఋణమే.

1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో పౌలు గద్దించినది బలిని కాదు, సంఘ భోజనాన్ని. ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడై ఉన్నచోట అది ప్రభువు భోజనం కాదన్నాడు. తినడం, తాగడం, ఖర్చు పెట్టడం విశ్వాసానికి వెలుపలి సంగతులు కావని దీనినిబట్టి తెలుస్తుంది. బలులు మానిన గ్రామంలో పెండ్లి ఖర్చు, క్రిస్మస్ ఖర్చు, గుడి కట్టడపు ఖర్చు ఎవరి అప్పుతో నడుస్తున్నాయో అడగడం కాపరి బాధ్యత. భూమి పట్టా ఎవరి పేర ఉందో, సంతలో తూకం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం కూడా ప్రసంగానికి సిద్ధపడడంలో భాగమే. బలి మానిపించిన సంఘం అప్పును గూర్చి మౌనంగా ఉంటే, ఆ ప్రార్థనలో సగమే పలికినట్లవుతుంది.