ముదిగుబ్బ: మారిన యెల్లలు, మారని నేల

ఒక యూరు కదలకయే ఎన్ని జిల్లాలు తిరుగగలదో తెలిసికొనగోరు చదువరులు ముదిగుబ్బ చరిత్రమును చూడవలెను. కదిరి ప్రాంతముతో కూడి ఈ యూరు 1910 వరకు కడప జిల్లాలో నుండెను. ఆ సంవత్సరమున అనంతపురము జిల్లాలో చేరెను. 2022 ఏప్రిలు 4వ తేదిని పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడగా అందులోనికి పోయెను. పేర్లు మారినవి, ఎఱ్ఱనేల మాత్రము ఉన్నచోటనే యున్నది.

ఈ పీఠభూమికి వానలు దూరపు చుట్టములు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు మేఘములు సముద్రతీరమున కురిసి, ఇచ్చటికి వచ్చుసరికి చిక్కిపోవును. అనంతపుర ప్రాంతమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడును. అదియు అదనున పడునను నమ్మకము లేదు. పెన్నలో కలియు చిత్రావతి యేటిలో ఇసుక కనబడు దినములే యెక్కువ. కనుకనే పూర్వులు బుక్కపట్నము, ధర్మవరము మొదలగు చోట్ల చెరువులు కట్టిరి. చెరువును త్రవ్వించి బాగుచేయువారికి దశబంధమను పేర భూమి నిచ్చెడివారు. నీటిని పంచుటకు నీరుగంటి యుండెడివాడు. ఆ కాలమున అందరికిని సమన్యాయము జరిగెనని మేము చెప్పము. కాని నేలతోబాటు నీటికిని ఒక బాధ్యుడుండెనని మాత్రము చెప్పగలము.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున 1761లో పుట్టిన థామస్ మన్రో దత్తమండలములకు ముఖ్య కలెక్టరై, అనంతపురము కేంద్రముగా 1807 వరకు పాలించెను. అతడు పాలెగాండ్ర నణచి, పొలములను కొలిపించి, మధ్యవర్తి లేకుండ రైతుతోనే శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ప్రజలు అతనిని మెచ్చి బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరని ప్రతీతి.

అయినను మేము ఇచ్చట ముఖ్యముగా చెప్పదలచినది వేఱొకటి. తాను విధించిన శిస్తు ఎక్కువయని మన్రోయే గ్రహించెను. దానిలో నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో వ్రాసెను. మదరాసు ప్రభుత్వము వెంటనే చెవినిడక, అతడు వెళ్లిన పిదప గ్రామములను గుత్త కిచ్చెను. గుత్తదారులును రైతులును చితికిపోయిరి. 1820లో అతడే గవర్నరై తిరిగి వచ్చిన తరువాతగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. నేలను నడిచి చూచినవాని మాట కచేరి బల్లమీద పదుమూడేండ్లు నలిగెను. ఆ యేండ్ల బరువును మోసినది రైతు.

1876–78 నాటి కఱవు ఈ సీమను పీడించెను. 1882లో బళ్లారినుండి అనంతపురము జిల్లా వేఱుపడెను. 1985లో మండలములు వచ్చి, ముదిగుబ్బయే ఒక మండల కేంద్రమయ్యెను. 2019లో గ్రామ సచివాలయములు వెలసెను. మన్రో పుట్టిన స్కాట్లండులోను కౌంటీ కౌన్సిళ్లు 1975లో రద్దయి, క్రొత్త యెల్లలు వచ్చినవి. జిల్లా యనునది మనుష్యులు గీచిన గీత. వాన దానిని చూచి కురియదు.

కచేరి దగ్గరగుట మేలే. పట్టా కొఱకు కోసులు నడువవలసిన శ్రమ తగ్గినది. కాని కొఱ్ఱ, జొన్న పండిన చేలను వేరుసెనగ ఆక్రమించినది. ఊడలు దిగువేళ వాన తప్పినచో పంట పోవును. బోరుబావులు లోతెక్కుచున్నవి. ఎందఱో బిడ్డలను ముసలివాండ్రకడ విడిచి బెంగుళూరికి కూలికి పోవుచున్నారు. కాగితము ఇంటికి చేరువైనంత వేగముగా నీరు చేలకు చేరువ కాలేదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు స్థానమిచ్చినది. పంచాయతీలలో స్త్రీలకు మూడవ వంతునకు తక్కువగాని స్థానములు కల్పించినది. బిందె మోయు స్త్రీకంటె నీటి విలువ నెఱిగిన వారెవ్వరు? ఆమె సభలో లేచి మన చెరువులో పూడిక యెంత, తూము పనిచేయుచున్నదా, వాగు కాలువను ఆక్రమించిన దెవ్వరు అని యడుగవలెను. చదువుకొన్న కుటుంబములవారు ఆమె ప్రక్కన నిలిచి, ప్రత్యుత్తరమును వ్రాతమూలముగా కోరవలెను. చూచినవారి మాట వినుటకు మరల పదుమూడేండ్లు పట్టరాదు.