ఒకే పేరు, ఇద్దరు మనుషులు: కొడకండ్ల చేనేత కుటుంబ చరిత్రలో ఒక సవరణ

కొడకండ్ల ప్రాంత పద్మశాలీల కులపురాణ సంప్రదాయాన్ని పరిశీలించే క్రమంలో కొన్నేళ్ల కిందట మా ఇంటి వంశవృక్షాన్ని కూడా రాసి ఒక వ్యాసంలో చేర్చాను. అందులో ఒకరి జీవితంలోని ఘట్టాన్ని మరొకరికి అంటగట్టాను. ఆ పొరపాటు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో వివరించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఇంట్లో వాడుకలో ఉన్న కథ ఇది: మా ముత్తాతకు తాత అయిన పెద్దమనిషి బతుకుదెరువుకు సోలాపురం వెళ్లాడు, తిరిగి వచ్చి ఊళ్లో ఇల్లు కొన్నాడు. సోలాపురంలో 1877లో నూలు మిల్లు మొదలైంది. తెలంగాణ నేతగాళ్లు ఆ పట్నానికి వలసపోయిన సంగతి తెలిసిందే కనుక కథలో మొదటి సగాన్ని శంకించనక్కరలేదు. రెండో సగానికి ఉర్దూలో రాసిన అమ్మకపు దస్తావేజు ఆధారం. అందులో సంవత్సరం 1330, కొన్నవాడి పేరు ఆయనదే. ఆ అంకెను హిజ్రీగా భావించి 1911-12 అని లెక్కగట్టాను. తాత పేరే పెట్టుకొన్న మా ముత్తాత అప్పటికి పిల్లవాడు. 1908 మూసీ వరదల నాటికి ఆయనకు మగ్గం గుంటలోకి దిగే ఈడు రాలేదని మా పెద్దలు చెప్పేవారు. కనుక కొన్నది తాతేనని తీర్మానించాను.

దస్తావేజు నన్ను రెండుసార్లు హెచ్చరించింది. మొదటిది, 'వల్ద్' అన్న మాట తర్వాత ఉన్న తండ్రి పేరు. అది తాతగారి తండ్రిది కాదు, కొడుకుది. గుమాస్తా తండ్రీకొడుకులను తారుమారు చేశాడని సరిపెట్టుకొన్నాను. పత్రం కథకు లొంగకపోతే పత్రాన్నే దిద్దడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. రెండోది నెల పేరు. అక్కడ ఉన్నది 'బహ్మన్'. హిజ్రీలో మొహర్రం, రంజాన్ వంటి నెలలుంటాయి. ఆజుర్, దై, బహ్మన్ అనే పారశీక నామాలు నిజాం రాజ్యపు ఫస్లీ సంవత్సరానివి. ఆజుర్‌తో, అంటే అక్టోబరు మొదటి వారంతో, ఫస్లీ ఏడాది మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన క్రీస్తు శకం వస్తుంది. 1330 ఫస్లీ బహ్మన్ అంటే 1920 డిసెంబరు ప్రాంతం. అప్పటికి మా ముత్తాతకు ఇరవై ఏళ్లు. గుమాస్తా తప్పు రాయలేదు.

అయితే తాత ఏమయ్యాడు? ఈ ప్రశ్నకు జవాబు మా నాన్నగారి మేనత్త దగ్గర దొరికింది. ఆమె తన తల్లి నోట విన్న మాట ఇది: ముసలమ్మ మనుమడిని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదట, 'పెద్దయ్యా' అనేదట. భర్త పేరు ఉచ్చరించరాదు గదా. "సోలాపురం పోయినాయన మళ్ల రాలే. కబురు గూడ రాలే. గందుకే ఆమె బొట్టు తీయలే" అని కూడా చెప్పింది. నా పాత వ్యాసంలో ఆయనను తిరిగి ఇంటికి రప్పించి, ఆయన లేని కాలమంతా మగ్గాన్ని నిలిపిన ఆ ఇల్లాలిని 'భార్య' అన్న ఒక్క మాటతో దాటేశాను.

ఆశ్రిత గాయకులైన కూనపులివారి కథనం ఇలాంటి చోట అక్కరకు రాదు. మార్కండేయుడు, భావనారుషి, గోత్రాల వరకు వారి మాట గట్టిదే గాని, మూడు నాలుగు తరాల కిందటి సామాన్యుడి రాకపోకలు పటం మీదికి ఎక్కవు.

పొరుగున ఉన్న బమ్మెరకు సంబంధించిన ఉదాహరణ ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. పోతన, శ్రీనాథుడు బావామరదులన్న కథ లోకంలో స్థిరపడింది. భాగవత అవతారికలో పోతన స్వయంగా చెప్పుకొన్న వంశక్రమంలో తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన ఉన్నారు, శ్రీనాథుడు లేడు. కథకు కావలసిన చుట్టరికాన్ని జనం కల్పించుకొన్నారు. నేను చేసినదీ అదే, పైగా పరిశోధన పేరుతో.

సవరించిన వంశవృక్షంలో ఇంటి కొనుగోలు మా ముత్తాత పేరు కింద, 1920లో చేరింది. ఆయన తాతగారి మరణ సంవత్సరం ఉండవలసిన చోట గీత మాత్రమే గీశాను. ముసలమ్మ పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.