ముప్పై మూడు అడుగుల గొలుసు

జమ్మలమడుగు దాటి పెన్న ఒడ్డున రేగడి చేలోకి దిగండి. ఇది 1803. జొన్న కోసేశారు. కొయ్యకాళ్లు అరికాళ్లకు గుచ్చుకుంటాయి, నెర్రెల్లో కాలు ఇరుక్కుంటుంది, చూసి నడవండి.

ఇద్దరు మనుషులు గొలుసు ఈడ్చుకుంటూ వస్తున్నారు. దాని పొడవు 33 అడుగులు. అటు ఒక గొలుసు, ఇటు ఒక గొలుసు కొలిస్తే కుంట. అట్లాంటివి 40 కుంటలైతే ఎకరం. గుమాస్తా కళ్లు చికిలించి లెక్క రాసుకుంటున్నాడు. పక్కన కరణం, రెడ్డి, వెనక తలారి. చేను గలాయన గెనిమ మీద కూర్చుని గొలుసు కొసనే చూస్తున్నాడు.

“సామీ, గొలుసు బిగదీసి పట్టమను. సడలిస్తే నా చేను పెరుగుతాది.”

“పెరిగితే మంచిదే గదా పెద్దాయనా!”

“చేనొకటే పెరగదు సామీ, శిస్తూ పెరుగుతాది.”

గుమాస్తా నవ్వాడు. గొలుసు బిగిసింది.

మూడేళ్ల కింద ఈ పెద్దాయనకు తెలియకుండానే ఏలిక మారిపోయాడు. టిప్పు మీద యుద్ధాల్లో తన వాటాకొచ్చిన సీమను, తనకు కాపలా కాసే కుంపిణీ పటాలం ఖర్చు కింద నిజాం అలీఖాన్ ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందం అది. దత్త మండలాలన్న పేరు అట్లా వచ్చింది. ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడున్నాడు, చేలో ఉన్నవాణ్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నూరేళ్లు తిరక్కముందే, 1898లో, అమెరికా స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లిచ్చి ఫిలిప్పీన్స్‌ను తీసుకుంది. అక్కడి రైతుకూ ఇదే మర్యాద.

ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు కాగితం మీద సీమ దక్కింది గానీ, ఊళ్లలో 80 మంది పాలెగాళ్లున్నారు. ఎవరి కోట వాళ్లది, ఎవరి బంట్లు వాళ్లకున్నారు. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యంతో కొందరిని తరిమారు, కొందరికి భత్యం పడేసి కూర్చోబెట్టారు. నన్నడిగితే ఫిరంగి కంటే ఈ గొలుసే ఎక్కువ పని చేసింది. 1802లో మొదలై ప్రొద్దుటూరు వైపు చేలనూ, పులివెందుల మెట్టలనూ కొలుచుకుంటూ పోయింది. మెట్ట, మాగాణి, తోట అని విడదీశారు, ఏ మట్టికి ఎంత శిస్తో తేల్చారు. జమాబందీలో నడుమ పాలెగాడు లేడు. కుంపిణీ ఎదురుగా రైతు ఒక్కడే నిలబడాలి.

ఆ శిస్తేమో పంటలో దాదాపు 45 శాతం! మన్రోకే అది బరువనిపించింది. పోయేముందు, 1807లో, మూడో వంతుకు దించమని పైకి రాశాడు. పైవాళ్లు దించలేదు సరికదా, పైరు మొహం ఎరగని వాళ్లకు ఊళ్లను గుత్తకిచ్చారు.

డేరాల్లోనే కాలం గడిపిన మన్రోను జనం కూడా తమ పద్ధతిలో కొలిచారు. పులివెందుల సీమలో, వేంపల్లె దగ్గర గండి. రెండు కొండల నడుమ నుంచి పాపఘ్ని బయటపడే చోటు. ఆంజనేయుడి గుడి ముందు నిలబడి పైకి చూడండి. రాముడి కోసం వాయుదేవుడు ఆ కొండకూ ఈ కొండకూ బంగారు తోరణం కట్టాడని కథ. అది కనబడితే పుణ్యాత్ముడే గానీ, ఆయుష్షు తీరినట్టు. మద్రాసు గవర్నరై మళ్లీ ఈ దారిన వచ్చిన మన్రో తలెత్తి “ఆ తోరణం ఎవరు కట్టారు?” అన్నాడట. వెంట ఉన్నవాళ్లు ఎంత చూసినా ఆకాశమే.

1827 జులై 6న పత్తికొండలో కలరాతో ఆయన పోయాడు. గండిలో ఇప్పటికీ అంటారు: “దొరకు కనపడింది గదప్పా.”