టెర్మినల్ ఎమ్యులేటర్: మీటలు, స్క్రోలింగ్, ఎస్కేప్ వరుసలు

టెర్మినల్ ఎమ్యులేటర్ 1978లో డెక్ సంస్థ తెచ్చిన వీటీ100 వంటి పాత యంత్రాలను అనుకరించే సాఫ్ట్‌వేర్. తెరకు అందే ఆజ్ఞలు ఎస్కేప్ అనే సంకేతంతో మొదలవుతాయి. దాని సంఖ్య 27.

ఖమ్మం జిల్లా రైల్వే జంక్షన్ కారేపల్లి పేరు టెర్మినల్‌లో టైపు చేస్తే తెలుగుతో వచ్చే చిక్కు తెలుస్తుంది. పలకడానికి నాలుగు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో 9 సంకేతాలు, యూటీఎఫ్-8లో 27 బైట్లు. ఈ పేరులోని గుణింతపు గుర్తులకు, పొల్లుకు వెడల్పు సున్నా కాబట్టి తెరపై దక్కేది 5 గళ్లు. ‘ల్లి’కి రెండు గళ్లు కేటాయిస్తే, ఒత్తును కింద చేర్చాల్సిన ఫాంటు ఏం చేయాలి? చాలా ఎమ్యులేటర్లు అక్షరాన్ని విడగొట్టేస్తాయి. భారతీయ లిపులకు ప్రత్యేక ఏర్పాటున్న ఎంఎల్‌టెర్మ్ ఇక్కడ మెరుగు.

బ్యాక్‌స్పేస్ మరో తంటా. కొన్నిచోట్ల అది 127ను, కొన్నిచోట్ల 8ని పంపుతుంది. టైపు చేసిన ఆజ్ఞలను నడిపే షెల్ ఎదురుచూసేది వేరైతే తెరపై చెత్త గుర్తులు పడతాయి. లినక్స్‌లో ‘ఐయూటీఎఫ్8’ అమరిక లేకపోతే సాధారణ వరుస ఇన్‌పుట్‌లో ఒక్కో నొక్కుకు ఒక్క బైటే చెరుగుతుంది. అమరిక ఉన్నా ‘ల్లి’ పోవాలంటే నాలుగుసార్లు నొక్కాల్సిందే.

పై బాణం మీట మామూలుగా ఎస్కేప్, చదరపు బ్రాకెట్, ‘ఏ’ పంపుతుంది. అప్లికేషన్ రీతిలో బ్రాకెట్ బదులు ‘ఓ’ వస్తుంది.

స్క్రోలింగ్‌కు ఎన్ని వరుసలు దాచాలో అమరికల్లో చెప్పవచ్చు. విమ్ వంటి ఎడిటర్లు ప్రత్యామ్నాయ తెరను వాడతాయి. అందులోని వరుసలు సాధారణంగా ఆ నిల్వలో చేరవు.