అడిగినవాళ్ళ చిట్టా

అడగందే అమ్మైనా పెట్టదంటారు మనవాళ్ళు. అమెరికాలో అడిగితే మార్కులు కోస్తారు. కొత్తగా దిగిన కుర్రాళ్ళకి రూమ్మేట్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఇదొకటి: "కార్డులకి ఎడాపెడా అప్లై చెయ్యకు, హార్డ్ ఎంక్వైరీ పడుతుంది, స్కోరు పోతుంది". ఎంత పోతుంది, అసలెందుకు పోతుంది అంటే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. అప్పు ఇంకా చేతికే రాలేదు కదా, ఉత్తినే అడిగినందుకు శిక్షేమిటి? ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1837లో అమెరికా మార్కెట్లు కుప్పకూలినప్పుడు మునిగిపోయిన న్యూయార్క్ పట్టు వ్యాపారుల్లో లూయిస్ టాపన్ ఒకడు. అరువు మీద సరుకిచ్చి దెబ్బ తిన్న మనిషి. 1841లో ఆయనే మర్కంటైల్ ఏజెన్సీ అని ఒకటి మొదలుపెట్టాడు. ఫలానా ఊళ్ళో ఫలానా కొట్టువాడు ఎలాంటివాడు, ఆస్తెంత, అలవాట్లేమిటి అని ఆయా ఊళ్ళలో ఉండే లాయర్ల చేత రాయించి తెప్పించుకుని లెడ్జర్లలోకి ఎక్కించేవారు. చందా కట్టిన వ్యాపారి ఆఫీసుకొచ్చి అడిగితే గుమాస్తా చదివి వినిపించేవాడు. ఎవడి గురించి చదువుతున్నారో వాడికి మాత్రం ఈ తంతేమీ తెలియదు.

కొట్టువాళ్ళ తర్వాత మామూలు జనం వంతొచ్చింది. 1899లో అట్లాంటాలో వుల్ఫోర్డ్ అన్నదమ్ములు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టారు. (ఇదే 1975లో ఈక్విఫాక్స్ అని పేరు మార్చుకుంది.) 1960ల నాటికి లక్షల మంది ఫైళ్ళు పోగయ్యాయి. బాకీల సంగతే కాదు, తాగుడు, కాపురం, ఇరుగుపొరుగు వాళ్ళ ముచ్చట్లు అన్నీ అందులో ఉండేవి. ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కబోతున్నాయని తెలిశాక గోల మొదలైంది. సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ పట్టుబట్టి నడిపిస్తే 1970లో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ వచ్చింది, 1971 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. నీ ఫైలులో ఏముందో తెలుసుకోవడమే కాదు, దాన్ని ఎవరెవరు తెప్పించుకున్నారో కూడా నువ్వు తెలుసుకోవచ్చు. ఉద్యోగం కోసం చూసినవాళ్ళ పేర్లైతే రెండేళ్ళ వరకూ, మిగతావాళ్ళవి ఆరు నెలల వరకూ చెప్పాలి. (1996 సవరణలో ఆ ఆరు నెలలు ఏడాది అయ్యింది.) మన భాషలో చెప్పాలంటే యాక్సెస్ లాగ్ అన్నమాట. మన డేటాని ఎవడు రీడ్ చేశాడో మనం చూసుకునేందుకు.

ఇక రెండో కథ. బిల్ ఫెయిర్ ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ గణితం మనిషి. ఇద్దరూ కలిసి 1956లో కాలిఫోర్నియాలో పెట్టిన కంపెనీయే ఫెయిర్ ఐజాక్. అప్పిచ్చే గుమాస్తా మొహం చూసి చెప్పే తీర్పు కన్నా లెక్కలు నయమని వీళ్ళ వాదన. బ్యూరో డేటా మీద నడిచే ఫైకో స్కోరు 1989లో వచ్చింది. 1995లో ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ ఇంటి లోన్లకి ఇదే చూడమనడంతో ఇక తిరుగులేకుండా పోయింది. మరి ఈ మోడల్‌కి ఇచ్చే ఇన్‌పుట్లలో మన యాక్సెస్ లాగ్ కూడా ఉంది! ఎవరు చూశారో మనకి చెప్పాల్సిన చిట్టా, మన మీద సాక్ష్యం కూడా అయ్యింది.

వాళ్ళ లెక్క కొట్టిపారేసేది కాదు. ఆరు, అంతకంటే ఎక్కువ ఎంక్వైరీలున్నవాళ్ళు, అసలు లేనివాళ్ళతో పోలిస్తే దివాలా తీసే అవకాశం ఎనిమిది రెట్ల వరకూ ఎక్కువని ఫైకో చెప్తుంది. మునుగుతున్నవాడు కనపడ్డ ప్రతి తాడూ పట్టుకుంటాడు, నిజమే. కానీ నిన్న విమానం దిగిన అమ్మాయి కూడా నాలుగు చోట్ల అడుగుతుంది. ఫోను కావాలి, కారు కావాలి, కార్డు కావాలి. ఇండియాలో పదేళ్ళు ఠంచనుగా ఈఎంఐలు కట్టిన చరిత్ర ఆమె వెంట విమానం ఎక్కదు. మునుగుతున్నవాడూ, ఇప్పుడే ఒడ్డుకొచ్చినవాడూ ఆ చిట్టాలో ఒకేలా కనిపిస్తారు. పైగా ఖాతాలు తక్కువున్నవాళ్ళకే ఎంక్వైరీ దెబ్బ ఎక్కువ తగలచ్చని ఫైకోయే చెప్తోంది. నాకు మింగుడుపడనిది ఇదే.

అలాగని మరీ భయపడక్కర్లేదు. చాలామందికి ఒక ఎంక్వైరీతో పోయేది ఐదు పాయింట్ల లోపే. రిపోర్టులో రెండేళ్ళుంటుంది గానీ ఫైకో లెక్కలోకి తీసుకునేది ఏడాదే. మన రిపోర్టు మనం చూసుకుంటే ఏమీ పోదు, ప్రీ-అప్రూవ్డ్ ఆఫర్ల కోసం బ్యాంకులు తొంగిచూసినా పోదు (అవి సాఫ్ట్ ఎంక్వైరీలు). ఇల్లు, కారు, చదువు లోన్లకి పది చోట్ల రేటు అడిగినా, కొద్ది రోజుల్లోనే అడిగితే ఒక్కటిగానే లెక్కేస్తారు. పాత ఫైకోలో ఆ గడువు 14 రోజులు, కొత్తవాటిలో 45. ఏది వాడతారన్నది అప్పిచ్చేవాడి ఇష్టం కాబట్టి 14 రోజుల్లో తేల్చుకోవడం మేలు. క్రెడిట్ కార్డులకి మాత్రం ఈ వెసులుబాటు లేదు. జీన్స్ ప్యాంటు మీద పది శాతం తగ్గింపు కోసం కౌంటర్ దగ్గరే స్టోర్ కార్డుకి అప్లై చేసే మిత్రులారా, వింటున్నారా?

మన దగ్గర ఈ కథ ఆలస్యంగా మొదలైంది. సిబిల్ 2000లో పుట్టింది, క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం 2005లో వచ్చింది. మన స్కోరు మనం చూసుకునే వీలు 2011లో గానీ రాలేదు. 2017 నుంచి ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ తర్వాత 2023 అక్టోబర్లో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది, అది 2024 ఏప్రిల్ నుంచి అమలు. దాని ప్రకారం మన రిపోర్టుని బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో తెప్పించుకుంటే ఆ సంగతి మనకి ఎస్సెమ్మెస్‌గానో ఈమెయిల్‌గానో రావాలి. యాక్సెస్ లాగ్ మళ్ళీ దాని సొంత పనిలో పడిందన్నమాట, అదీ చూసిన వెంటనే. స్కోరు మీద దాని ప్రభావం మాత్రం అలాగే ఉందనుకోండి. మీరే లోనుకీ అప్లై చెయ్యకుండా అలాంటి మెసేజ్ వచ్చిందా, మీ పాన్ నంబరుతో ఇంకెవడో అడుగుతూ ఉండచ్చు. డిలీట్ కొట్టకండి, ఆ పూటే బ్యాంకుకీ బ్యూరోకీ ఫిర్యాదు పెట్టండి.