పదకొండు రోజుల మరుపు, రెండు నవలలు

మన సినిమాల్లో జ్ఞాపకశక్తి పోవడం చాలా తేలిక. మెట్ల మీంచి దొర్లితే పోతుంది, క్లైమాక్స్‌లో ఇంకో దెబ్బ తగిలితే తిరిగొస్తుంది. మేము సర్వర్ రీస్టార్ట్ చేసినట్టన్నమాట :) హీరోయిన్‌కి గతం గుర్తులేదనగానే "నిజమేనా?" అని హాల్లో ఒక్కడు కూడా అడగడు. "వసంత కోకిల"లో శ్రీదేవి రైలెక్కి, కమల్ హాసన్‌ని గుర్తుపట్టకుండా వెళ్ళిపోతుంటే అందరం కళ్ళు తుడుచుకున్నాం గానీ, ఆవిడ నటిస్తోందేమో అని ఎవరమూ అనుమానించలేదు.

నిజజీవితంలో లెక్క వేరు. నాకేమీ గుర్తులేదు అని ఒక ఆడమనిషి అంటే, లోకం మొదట అడిగేది సాక్ష్యం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కొన్నేళ్ళ క్రితం ఇండియా నుంచి తిరిగొస్తూ దోహా ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు ఇరుక్కుపోయాను. లాప్‌టాప్ చెక్-ఇన్ లగేజీలో పోయింది, ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. చేతిలో ఉన్నది హైదరాబాదులో పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక ప్రేమ నవల. రచయిత్రి పేరు మేరీ వెస్ట్‌మకాట్. ఎప్పుడూ విన్న పేరు కాదు. వెనకట్ట చూస్తే తెలిసింది, ఆవిడ అసలు పేరు అగాథా క్రిస్టీ! ఆ నవల సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆవిడ కథ చెప్పాలి.

1926లో అగాథా వయసు 36. భర్త ఆర్చీ క్రిస్టీ, మొదటి ప్రపంచ యుద్ధంలో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో పనిచేసినవాడు. ఏడేళ్ళ కూతురు రోజలిండ్. లండన్ దగ్గర సన్నింగ్‌డేల్‌లో సొంతిల్లు, దాని పేరు "స్టైల్స్" (మొదటి నవల పేరులోంచి తీసుకున్నదే). ఆ ఏడాదే వచ్చిన "ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్"తో పేరు మోగిపోతోంది. బయటి నుంచి చూస్తే ఏ లోటూ లేదు.

లోపల వేరే కథ నడుస్తోంది. ఆ ఏప్రిల్‌లో తల్లి చనిపోయింది. టార్కీలో తను పుట్టి పెరిగిన ఇల్లు ఖాళీ చెయ్యడానికి అగాథా వెళ్ళి, నెలల తరబడి పాత సామాన్ల మధ్య గడిపింది. ఆర్చీ సాయానికి రాలేదు. ఆగస్టులో వచ్చినవాడు చెప్పిన మాట, నేను నాన్సీ నీల్‌ని ప్రేమిస్తున్నాను, విడాకులు కావాలి.

డిసెంబర్ 3, శుక్రవారం. పొద్దున మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారు. ఆర్చీ వారాంతం గడపడానికి నాన్సీ ఉన్న చోటికి వెళ్ళిపోయాడు. రాత్రి పదికి కాస్త ముందు అగాథా తన మోరిస్ కౌలీ కారు తీసుకుని బయల్దేరింది. మర్నాడు గిల్డ్‌ఫర్డ్ దగ్గర న్యూలాండ్స్ కార్నర్ అనే చోట వాలులో పొదల్లోకి దూసుకుపోయి ఆగిన ఆ కారు దొరికింది. అందులో ఫర్ కోటు ఉంది, డ్రైవింగ్ లైసెన్స్ ఉంది. మనిషి లేదు.

ఇహ చూడాలి గోల. వేలమంది జనం పొలాలూ గుట్టలూ గాలించారు. దగ్గర్లోని సైలెంట్ పూల్ అనే చెరువు వెతికారు. విమానాలు కూడా తిరిగాయి. షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయల్ గారు ఆవిడ చేతి తొడుగు ఒకటి సంపాదించి, ఆత్మలతో మాట్లాడే ఒకాయనకి ఇచ్చారు (మన అంజనం వేసేవాళ్ళ టైపు). ఇంకో డిటెక్టివ్ రచయిత్రి డొరొతీ సేయర్స్ స్వయంగా వెళ్ళి ఆ చోటు చూసొచ్చింది. భర్తే చంపేశాడేమోనని కూడా అనుకున్నారు.

మనిషి దొరికింది డిసెంబర్ 14న, ఉత్తరాన ఎక్కడో ఉన్న హారోగేట్‌లో. స్వాన్ హైడ్రోపతిక్ అనే ఖరీదైన హోటల్లో దిగింది. అక్కడి బ్యాండ్‌లో వాయించేవాళ్ళు గుర్తుపట్టి పోలీసులకి చెప్పారు. ఆ పదకొండు రోజుల్లో ఆవిడ పేకాడింది, డాన్స్ చేసింది, పేపర్లు చదివింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన తనకి స్నేహితులో బంధువులో ఎవరైనా ఉంటే కబురు చెయ్యమని "ద టైమ్స్"లో ప్రకటన కూడా వేయించింది. హోటల్ రిజిస్టర్లో రాసిన పేరు శ్రీమతి తెరెసా నీల్, ఊరు కేప్‌టౌన్.

నీల్! మొగుడు ప్రేమించినావిడ ఇంటిపేరు.

ఇద్దరు డాక్టర్లు చూసి, ఇది నిజంగా జ్ఞాపకశక్తి కోల్పోవడమే అన్నారు. ఆర్చీ అదే మాట పత్రికలకి చెప్పాడు. జనం నమ్మలేదు. పుస్తకాలు అమ్ముకోడానికి వేసిన ఎత్తు అన్నారు. మొగుణ్ణి బజారుకీడ్చడానికి ఆడిన నాటకం అన్నారు. వెతకడానికి అయిన ఖర్చు ఎవరు కట్టాలని పార్లమెంటులో కూడా అడిగారు. పాపం ఆవిడ కర్మ కాకపోతే, "ఆక్రాయిడ్" నవల వచ్చింది కూడా అప్పుడే. కథ చెప్పేవాళ్ళని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చూపించే నవల అది (చదవనివాళ్ళ కోసం ఇంతకంటే చెప్పను). అలాంటిది రాసినావిడ మాట ఎవరు నమ్ముతారు?

1928లో డెయిలీ మెయిల్‌తో ఒక్కసారి నోరు విప్పింది. ఆ రాత్రి చచ్చిపోవాలన్న ఆలోచనతోనే కారు నడిపానని, తర్వాత మనసులో తను శ్రీమతి నీల్‌గా మారిపోయానని చెప్పింది. అంతే. ఆ ఏడాదే విడాకులయ్యాయి, వెంటనే ఆర్చీ నాన్సీని పెళ్ళి చేసుకున్నాడు. 1976లో చనిపోయేదాకా అగాథా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మరుసటి ఏడాది, అంటే 1977లో, వచ్చిన ఆత్మకథలో ఆ పదకొండు రోజులు లేవు.

ఈ కేసు మీద పుస్తకాలకి కొదవలేదు. జారెడ్ కేడ్ 1998లో రాసిన పుస్తకంలో ఇదంతా ముందే అనుకుని చేసిన పనే అన్నాడు. డాక్టర్ ఆండ్రూ నార్మన్ కాదు, అది ఫ్యూగ్ అనే మానసిక స్థితి అన్నాడు. అందులో మనిషి తన పేరూ ఊరూ మర్చిపోయి, ఇంకొకరిలా మామూలుగానే తిరుగుతాడు. లూసీ వర్స్‌లీ 2022లో రాసిన జీవితచరిత్రలో, ఆవిడ జబ్బు చేసిన మనిషి, ఆ సంగతి ఆవిడే చెప్పింది, మనమే వినలేదు అని వాదించింది.

మన భాషలో చెప్పాలంటే ఇది లాగ్స్ లేని ప్రొడక్షన్ ఇష్యూ. ఎవరికి తోచిన రూట్ కాజ్ వాళ్ళు రాసుకోవచ్చు. కానీ నాకు ఆత్మకథలోనే ఒక చిన్న లాగ్ కనిపించింది. ఆ పదకొండు రోజుల గురించి కాదు, అంతకుముందు నెలల గురించి. తల్లి ఇల్లు సర్దుతున్న రోజుల్లో ఒకసారి చెక్కు మీద సంతకం పెట్టబోతే తన పేరేంటో గుర్తురాలేదట! కాసేపు తన్నుకుని, చివరికి "బ్లాంచ్ ఏమరీ" అని రాసిందట. అది థాకరే నవల్లో ఒక పాత్ర పేరు. ఇంకోసారి కారు స్టార్ట్ కాలేదని కూచుని ఏడ్చిందట. డిసెంబర్ సంగతి దాచుకున్న మనిషి, ఈ చెక్కు సంగతి మాత్రం దాచలేదు. నాటకం ఆడేవాళ్ళు ఎవరూ చూడని గదిలో రిహార్సల్ వెయ్యరని నా ఉద్దేశం.

ఇక్కడ నాకు శకుంతల గుర్తొచ్చింది. నన్నయ గారి భారతంలో దుష్యంతుడికి మరుపేమీ రాలేదు. వ్యాసుడు చెప్పినట్టే, అన్నీ తెలిసే "నువ్వెవరో నేనెరగను" అంటాడు. కాళిదాసు దగ్గరకొచ్చేసరికి దుర్వాసుడి శాపం వచ్చింది, ఉంగరం వచ్చింది, చేప వచ్చింది. అబద్ధమాడిన రాజు కాస్తా మర్చిపోయిన ప్రేమికుడైపోయాడు. లోకం హాయిగా నమ్మింది, క్షమించింది. మగవాడి మరుపుకి ఒక మహాకవి పూనుకుని సాక్ష్యం తయారుచేసి పెట్టాడు. ఆడదాని మరుపుకి ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్ సరిపోలేదు.

ఈ తేడా అగాథాకి బాగా తెలిసినట్టే ఉంది. 1930లో మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో మొదటి నవల "జెయింట్స్ బ్రెడ్" వచ్చింది. అందులో జ్ఞాపకం పోయేది మగవాడికి! వెర్నన్ డేర్ అనే సంగీతకారుడు. యుద్ధంలో పోయాడని కబురొస్తుంది, భార్య నెల్ ఇంకో పెళ్ళి చేసుకుంటుంది. నిజానికి అతను జర్మన్ల చెరలోంచి తప్పించుకుంటాడు. దార్లో ఒక పత్రికలో భార్య పెళ్ళి వార్త చూసి, తూలుకుంటూ వెళ్ళి లారీ కింద పడతాడు. లేచాక తనెవరో తెలీదు. ఇంకో పేరుతో కారు డ్రైవర్‌గా బతుకుతాడు, సంతోషంగానే ఉంటాడు. స్నేహితులు కనిపెట్టి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తే జ్ఞాపకం తిరిగొస్తుంది, దాంతోపాటు బాధా తిరిగొస్తుంది.

జాగ్రత్తగా చూడండి. తను కోరుకున్న మనిషి ఇంకొకరి సొంతమైందని తెలిసిన దెబ్బ, కారు, మారుపేరు, అపరిచితుల మధ్య ప్రశాంతంగా గడిచిన రోజులు. హారోగేట్ మొత్తం ఇక్కడుంది. ఒక్క జెండర్ ఫీల్డ్ మార్చింది, అంతే. ఈసారి ఎవరూ సాక్ష్యం అడగలేదు. వెస్ట్‌మకాట్ ఎవరో 1949 దాకా బయటి లోకానికి తెలియదు కాబట్టి రెండూ కలిపి చూసినవాళ్ళూ లేరు.

ఇప్పుడు నా దోహా నవల. "ఆబ్సెంట్ ఇన్ ద స్ప్రింగ్", 1944. మూడంటే మూడు రోజుల్లో రాశానని ఆవిడే చెప్పుకుంది. జోన్ స్కడమోర్ అనే లాయరు గారి భార్య బాగ్దాద్‌లో కూతుర్ని చూసి ఇంగ్లండ్ తిరిగొస్తూ, వానలకి రైలు రాక ఎడారి మధ్య విడిదింట్లో రోజుల తరబడి ఒంటరిగా ఆగిపోతుంది. తెచ్చుకున్న పుస్తకాలు అయిపోతాయి. చెయ్యడానికేమీ లేదు, ఆలోచించడం తప్ప. దార్లో కలిసిన చిన్ననాటి స్నేహితురాలు అన్న ఒకటి రెండు మాటలు బుర్రలో తిరుగుతుంటాయి. (ఆ స్నేహితురాలి పేరు బ్లాంచ్. చెక్కు మీది పేరే. యాదృచ్ఛికం కావచ్చు, నాకైతే వెన్ను జలదరించింది.)

ఈ జోన్‌కి దెబ్బలేమీ తగల్లేదు. పేరూ ఊరూ అన్నీ గుర్తే. కానీ తనకి నచ్చనివి మాత్రం ఒక్కటీ గుర్తుండవు. భర్త రోడ్నీకి వ్యవసాయం చెయ్యాలని ఉండేది, తనే పట్టుబట్టి లా ఆఫీసులో కూచోబెట్టింది. తనని రైలెక్కించి వెనక్కి తిరిగి వెళ్తున్న రోడ్నీ భుజాలు విప్పారి, సెలవులిచ్చిన కుర్రాడిలా నడిచాడు. ఆ దృశ్యం అప్పుడే చూసింది, అప్పుడే మర్చిపోయింది. ఎడారిలో ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఇంటికెళ్ళగానే క్షమించమని అడగాలనుకుంటుంది. ఇల్లు చేరుతుంది, పని మనిషి టీ తెస్తుంది, రోడ్నీ వస్తాడు... ఏమీ అడగదు. మళ్ళీ పాత జోనే. మర్చిపోవడం ఈసారి తెలిసి చేసిన పని. రోడ్నీకి అన్నీ తెలుసు, అతనూ ఏమీ అనడు.

జ్ఞాపకం పోగొట్టుకున్న ఆడమనిషి మీద అగాథా రాసిన అసలు నవల ఇదని నాకనిపిస్తుంది. 1926లో ఆవిడకి జరిగింది జబ్బు. తప్పించుకోలేనిది. జోన్‌ది సౌకర్యం. మొదటిదాన్ని లోకం నాటకమంది. రెండోదాన్ని చక్కటి సంసారం అంటుంది.

ఆ ఎయిర్‌పోర్టు కుర్చీలో నాకు గుర్తొచ్చింది చెప్పి ముగిస్తాను. నా భార్య వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేసేది. 2007లో నాకు ఆన్‌సైట్ వస్తే హెచ్4 వీసా మీద నాతో వచ్చేసింది. ఆ వీసా మీద పని చెయ్యకూడదు. మాలాంటి కొందరికైనా పర్మిట్ ఇచ్చే రూలు వచ్చేసరికి 2015 అయింది. ఈ మధ్యలో ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే, "తనకీ ఉద్యోగం మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదులెండి". చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. కానీ ఆ రోజు గుర్తొచ్చింది ఫ్లైట్‌కి ముందు రాత్రి. సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి, తను మంచం మీద కూచుని తన బదులు వచ్చే లెక్చరర్ కోసం నోట్సు సర్దుతోంది. నేను వెయింగ్ మెషీన్ పట్టుకుని నిలబడి, ఆ పుస్తకాలు బరువు, వదిలెయ్ అన్నాను.

ఇంటికి చేరేసరికి రాత్రి రెండు. "తిన్నారా?" అంది. తిన్నానన్నాను, పడుకున్నాను. జోన్ చేసిందే చేశాను. మూడు వారాలు పట్టింది నోరు తెరవడానికి. అప్పుడు కూడా మాట తిన్నగా రాలేదు. "ఆ రోజు నీ పుస్తకాలు వదిలేయించాను కదా" అన్నాను.

తను గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే అంది, "సోమవారం ఫస్ట్ అవర్ సెకండియర్ ఈసీఈ, నెట్‌వర్క్ థియరీ. నాకన్నీ గుర్తున్నాయండీ. మీకే గుర్తులేదనుకున్నాను".