దస్తర్‌ఖాన్ మీద అందరికీ చోటు

కల్వకుర్తిలోనైనా మరెక్కడనైనా, ఇంట్లో బుద్ధిమాంద్యం గల బిడ్డ ఉంటే దావత్ రోజున ఆ బిడ్డకు వంటింట్లోనే పెట్టేస్తుంటారు. చుట్టాల ముందు ఎందుకని!

ఈ సంకోచం పాతదే. మదీనాలో అంధులు, కుంటివారు, రోగులతో కలిసి తినడానికి జనం వెనుకాడేవారు. అది చీదరింపు మాత్రమే కాదు. అంధునికి మంచి ముక్క కనపడదు, రోగి నిదానంగా తింటాడు, వారి వాటా మనం తినేస్తామేమోనన్న భయం కూడా ఉండేదని తఫ్సీర్ వ్రాసిన పెద్దలు చెప్పారు. సూరె నూర్ 61వ ఆయత్ ఆ సంకోచాన్ని తీసివేసింది. అంటే పధ్నాలుగు వందల యేండ్ల క్రితమే తేలిపోయిన సంగతి ఇది.

నేర్పే పద్ధతి మాత్రం తర్వాత వచ్చింది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇటువంటి చోట్ల తిండి, వంట కూడా చదువే. పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీస్తారు. ఒక్కోసారి చివరి మెట్టే ముందు నేర్పుతారు: తల్లి బిడ్డ చేయి పట్టుకుని ముద్ద నోటిదాకా తెచ్చి వదిలేస్తుంది, మిగిలింది బిడ్డే చేస్తాడు. రొట్టె పిండి కలపడమైనా అంతే.

వచ్చే రంజాన్‌లో ఇఫ్తార్‌కు ఖర్జూరాలు పంచే పని అటువంటి బిడ్డకు అప్పగించి చూడండి. నిదానంగా పంచుతాడు గనుక, అజాన్‌కు పావుగంట ముందే మొదలుపెట్టించాలి.